టిక్‌టాక్ ఆగింది, బొటనవేలు ఆగలేదు: ఫోన్ రివ్యూల్లో కొలవాల్సిన లెక్క ఇంకొకటుంది

సప్లై ఉన్నట్టుండి ఆగిపోతే ఏమవుతుందో మన వైపు జనం రెండుసార్లు చూశారు.

మొదటిసారి 2015 సెప్టెంబర్‌లో. కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు పెరిగాయి. కల్లులో కలిపే మత్తుమందు అందకపోయేసరికి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ వైపు వందలమంది ఆస్పత్రుల్లో చేరారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఏదేదో మాట్లాడటం, కొందరికి ఫిట్స్. ఆ నెల పేపర్లు తిరగేస్తే ఇవే వార్తలు.

రెండోసారి 2020 జూన్ 29న. కేంద్రం 59 యాప్‌లను బ్యాన్ చేసింది, అందులో టిక్‌టాక్ ఒకటి. దేశంలో దాదాపు 20 కోట్ల మంది వాడుతున్న యాప్ అది. రోజుకు రెండు మూడు గంటలు దాంట్లోనే గడిపేవాళ్లు మా క్లాస్‌లోనే సగం మంది. మరి దానికోసం ఏ ఆస్పత్రీ నిండలేదు, ఎవరికీ చేతులు వణకలేదు. తొమ్మిది రోజులకు, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ ఇండియాలో రీల్స్ తెచ్చింది. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ కూడా ముందు ఇక్కడే మొదలైంది. వేలు అదే, కదలిక అదే, టైమ్ కూడా అదే. లోపల ఉన్న యాప్ ఒక్కటే మారింది.

"ఫోన్ ఒక డ్రగ్ లాంటిది" అని ఎవరైనా అన్న ప్రతిసారీ నాకు ఈ రెండు తేదీలు గుర్తొస్తాయి. ఆ మాటలో సగం తప్పు. మిగతా సగం మాత్రం మనం అనుకునేదానికంటే ఎక్కువ నిజం. ఏ సగం ఏదో తేల్చుకోకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎన్ని టైమర్లు పెట్టినా పని చేయవు. ఫోన్ రివ్యూ చేసేవాళ్లు ఏది కొలవాలో కూడా తెలీదు.

ముందు కల్లు సంగతి.

తాటిచెట్టు, ఈతచెట్టు కల్లు అసలు సమస్య కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయినచోట నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, నిషా కోసం అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ వేస్తారు. అల్ప్రాజోలం అంటే ఆందోళన తగ్గడానికి డాక్టర్ చీటీ మీద ఇచ్చే మాత్ర. మెదడుకు సహజంగానే ఒక బ్రేక్ వ్యవస్థ ఉంది, దాన్ని నడిపే రసాయనం పేరు గాబా. అల్ప్రాజోలం ఆ బ్రేక్‌ను ఇంకాస్త గట్టిగా పట్టిస్తుంది. మనిషి నెమ్మదిస్తాడు, కళ్లు మూతలు పడతాయి.

రోజూ ఇదే జరిగితే మెదడు ఊరుకోదు. బయటినుంచి ఎవరో బ్రేక్ తొక్కుతున్నారని సొంత బ్రేక్‌ను వదులు చేసుకుంటుంది, యాక్సిలరేటర్‌ను పెంచుకుంటుంది. ఇప్పుడు ఒక్కరోజులో మందు ఆపేశారనుకోండి. వదులైన బ్రేక్, పెరిగిన యాక్సిలరేటర్, బండి ఘాట్ రోడ్డు దిగుతోంది. వణుకు, భ్రమలు, ఫిట్స్ అన్నీ అందుకే. దీన్ని భౌతికంగా ఆధారపడటం అంటారు. డాక్టర్లు ఇలాంటివాళ్లకు మందు ఒక్కసారిగా ఆపరు, డోసు కొంచెం కొంచెం తగ్గిస్తూ వస్తారు. మీ ఇంట్లో అలాంటి కల్లు అలవాటున్నవాళ్లు ఉంటే, సీసా లాక్కుని గదిలో పెట్టి గొళ్లెం వేయడం వైద్యం కాదు, ప్రమాదం. ఇది 2015లో ముగిసిన కథ కూడా కాదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి చనిపోయినవాళ్లున్నారు.

ఫోన్ ఇలా చేయదు. ఫోన్ లాక్కుంటే ఫిట్స్ రావు. చిరాకు వస్తుంది, బోర్ కొడుతుంది, చేయి జేబు తడుముకుంటుంది. కాబట్టి రీల్స్‌ను డ్రగ్‌తో సమానం చేసేవాళ్లు కల్లు బాధితులకు అన్యాయం చేస్తున్నారు. మాటలో తప్పైన సగం ఇదీ.

నిజమైన సగం గురించి చెప్పాలంటే కొంచెం ఎలుకల దగ్గరికి పోవాలి. ఓపిక పట్టండి, ఫోన్‌ల దగ్గరికే వస్తాను.

కావాలనిపించడం వేరు, బాగుండటం వేరు

1954లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నని వైరు పెట్టారు. ఎలుక ఒక మీట నొక్కితే ఆ చోట చిన్న కరెంటు తగులుతుంది. వైరు కొన్ని ప్రత్యేకమైన చోట్ల ఉన్నప్పుడు ఎలుకలు గంటకు వందలసార్లు మీట నొక్కుతూనే ఉన్నాయి. "మెదడులో ఆనంద కేంద్రం దొరికింది" అని అందరూ సంబరపడ్డారు. తర్వాత ఆ దారుల్లో పనిచేసే డోపమైన్‌కు "ప్లెజర్ కెమికల్" అనే పేరు అంటుకుంది. యూట్యూబ్‌లో "డోపమైన్ డిటాక్స్" వీడియోలన్నీ ఇప్పటికీ ఆ పాత పేరు మీదే బతుకుతున్నాయి.

కెంట్ బెర్రిడ్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల చివర్లో దీన్ని తలకిందులు చేశాడు. ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేశాడు. అవి పక్కనే తిండి ఉన్నా తినడానికి కదల్లేదు. అలాగే వదిలేస్తే ఆకలితో చచ్చిపోతాయి, చేత్తో తినిపించాలి. కానీ చక్కెర నీళ్లు నోట్లో వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా పెదాలు నాక్కున్నాయి. అంటే రుచి తెలుస్తోంది, బాగానే అనిపిస్తోంది. 'కావాలి' అనే తోపుడు ఒక్కటే పోయింది.

దీన్నిబట్టి బెర్రిడ్జ్, టెర్రీ రాబిన్‌సన్ కలిసి 1993లో ఒక సిద్ధాంతం చెప్పారు. కావాలనిపించడం, బాగుండటం అనేవి మెదడులో రెండు వేర్వేరు పనులు. మొదటిది డోపమైన్‌ది. రెండోది చాలావరకు మెదడు సొంతంగా తయారుచేసుకునే నల్లమందు లాంటి రసాయనాలది, దానికి ఉన్న చోటు కూడా చాలా చిన్నది. వ్యసనం ముదిరేకొద్దీ మొదటిది పెరుగుతూ పోతుంది. రెండోది ఉన్నచోటే ఉంటుంది, లేదా తగ్గుతుంది.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. గంగవ్వ వీడియో చూసి గట్టిగా నవ్వారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వాళ్లు తీసేవి మా ఇంట్లో అందరం కూర్చుని చూస్తాం, అమ్మ అయితే అదే వీడియో మళ్లీ పెట్టమంటుంది. అది బాగుండటం. దాంట్లో పేచీ ఏం లేదు. అదే మీరు రాత్రి పన్నెండున్నరకు నలభయ్యో రీల్ దగ్గర ఉన్నారు, ముప్పై తొమ్మిదోది ఏంటో గుర్తులేదు, నవ్వు కూడా రావడం లేదు, అయినా వేలు పైకి జరుపుతూనే ఉంది. అది కావాలనిపించడం. "అంత బోర్‌గా ఉంటే ఎందుకు చూస్తున్నవ్‌రా" అని అడిగే అన్నకు జవాబు ఇదే. బాగుందని చూడటం లేదన్నా, ఆ రెండు తీగలూ వేరే.

కల్లు కూడా ఇక్కడే కలుస్తుంది. అల్ప్రాజోలం లాంటి మందులు డోపమైన్ కణాలను నేరుగా ముట్టుకోవు. ఆ కణాలను అదుపులో పెట్టే కాపలా కణాలను జోకొడతాయి. వాచ్‌మన్ నిద్రపోతే గేటు తెరుచుకున్నట్టు డోపమైన్ బయటికి వస్తుంది. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలుకల పరిశోధన చూపించింది ఇదే. మందు దొంగదారిలో గేటు తీస్తుంది. ఫోన్‌కు ఆ అవసరం లేదు, దాని దగ్గర గేటు తాళమే ఉంది. ఆ తాళం పేరు 'ఏమో'.

'ఏమో'లో ఉన్న మజా

వుల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ కణాలు ఎప్పుడు స్పందిస్తాయో ఒక్కో కణం దగ్గర కొలిచాడు. అనుకోకుండా జ్యూస్ చుక్క నోట్లో పడితే కణం గట్టిగా పేలింది. తర్వాత ఒక లైటు వెలిగిన కాసేపటికి జ్యూస్ ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు జ్యూస్ దగ్గర కణం నోరు మూసుకుంది, లైటు వెలగగానే పేలింది. లైటు వెలిగి జ్యూస్ రాకపోతే? రావాల్సిన సమయానికి కణం మామూలు కంటే కిందికి పడిపోయింది. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి ఆయన 1997లో సైన్స్ పత్రికలో ఈ లెక్క రాశాడు: డోపమైన్ చెప్పేది ఆనందం గురించి కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా గురించి. మెషీన్ లెర్నింగ్ చదువుతున్నవాళ్లకు ఇది ఎక్కడో చూసినట్టు ఉంటుంది. టెంపొరల్ డిఫరెన్స్ లెర్నింగ్ అని రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో వచ్చే పాఠం ఇదే.

నోటిఫికేషన్ సౌండ్ ఆ లైటు. మెసేజ్ జ్యూస్. టింగ్ అనగానే లోపల జరిగేది జరిగిపోయింది, మెసేజ్ చదివాక కొత్తగా జరిగేది తక్కువ. చాలాసార్లు చదివాక నిరాశే, ఎందుకంటే అది బ్యాంకు లోన్ ఆఫర్.

2003లో షుల్ట్స్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. జ్యూస్ వచ్చే అవకాశాన్ని మార్చి చూశారు. ఖచ్చితంగా వస్తుంది, అస్సలు రాదు, సగం సగం. లైటుకూ జ్యూస్‌కూ మధ్య ఎదురుచూపులో డోపమైన్ అన్నింటికంటే ఎక్కువగా ఎగబాకింది సగం సగం ఉన్నప్పుడు. పావురాల మీద స్కిన్నర్ చాలా ఏళ్ల ముందే ఇలాంటిదే చూశాడు: ఎన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందో తెలియనప్పుడు పావురం ఆపకుండా పొడుస్తుంది.

స్క్రీన్ కిందికి లాగి వదిలితే రిఫ్రెష్ అయ్యే ఫీచర్‌ను లారెన్ బ్రిక్టర్ ట్వీటీ అనే యాప్‌లో పెట్టాడు. అంతంలేని స్క్రోల్‌ను అజా రాస్కిన్ 2006లో తయారుచేశాడు, తర్వాత దానికి పశ్చాత్తాపపడ్డాడు కూడా. వాళ్లిద్దరూ కుట్ర చేశారని నేను అనను. ఇంజనీర్లుగా రెండూ చక్కటి పనులే, పేజీ నంబర్లు నొక్కడం నిజంగానే విసుగు. కాకపోతే ఆ చక్కటి పనులు వచ్చి కూర్చున్నది సరిగ్గా స్కిన్నర్ పావురం ముక్కు దగ్గర.

డబ్బు కలిస్తే ఇది ఎంత దూరం పోతుందో మనకు రమ్మీ చూపించింది. 2017 జూన్‌లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ నిషేధించింది. యాప్‌లు లొకేషన్ చూసి తెలంగాణవాళ్లను ఆపేశాయి. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర, అక్కడ అదే యాప్ మామూలుగా నడిచేది. ఇక ఫేక్ జీపీఎస్ యాప్‌ల సంగతి ఈ సైట్ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చి దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించేదాకా ఆ సందు తెరిచే ఉంది.

ఓడిపోతున్నా ఎందుకు ఆడతారు? 2009లో ల్యూక్ క్లార్క్ బృందం స్లాట్ మెషీన్ ఆడేవాళ్ల మెదడును స్కాన్ చేసింది. కొద్దిలో తప్పిపోయినప్పుడు, డబ్బు రాకపోయినా, గెలిచినప్పుడు వెలిగే భాగాల్లో కొన్ని వెలిగాయి. మామూలు ఓటమికి అలా వెలగలేదు. "ఒక్క జోకర్ పడితే షో అయ్యేది" అన్నమాట మీద ఎన్ని జీతాలు పోయాయో. ఇంకో సాక్ష్యం ఆస్పత్రుల నుంచి వచ్చింది. పార్కిన్సన్స్ జబ్బుకు డోపమైన్ పనిని అనుకరించే ప్రామిపెక్సోల్ లాంటి మందులు ఇస్తారు. జీవితంలో పేక ముట్టని పెద్దమనుషుల్లో కొందరు ఆ మందు మీద జూదానికి అలవాటు పడ్డారు, మందు తగ్గిస్తే చాలామందిలో తగ్గింది. సంకల్పబలం, క్యారెక్టర్ అంటూ లెక్చర్లు ఇచ్చేముందు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

చెట్టు కనబడితే చాలు

మా మేనమామ దుబాయ్‌లో మూడేళ్లు పనిచేసి వచ్చాడు. పోకముందు సాయంత్రమైతే కల్లు దుకాణం దగ్గరే ఉండేవాడు, అదృష్టం కొద్దీ మాది చెట్టు కల్లు దొరికే ఊరు. అక్కడ ఎలా ఉన్నావని అడిగితే ఆయన చెప్పింది ఇది: "మూడేండ్లల్ల ఒక్క దినం గూడ యాదికి రాలే అల్లుడా. బస్సు దిగి చెరువు కట్ట మీద ఈతచెట్లు చూసిన్నో లేదో, నోట్లె నీళ్లూరినయ్."

దీన్ని పెద్ద ఎత్తున కొలిచింది లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసలయ్యారు. వీళ్లంతా తిరిగొస్తే ఏమైపోతుందో అని ప్రభుత్వం వణికిపోయింది. తీరా చూస్తే అలా బానిసలైనవాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ వ్యసనంలో పడింది 5 శాతం, మూడేళ్లలో 12 శాతం. హెరాయిన్ అదే, మెదడు అదే. చోటు మారింది, ఆ చోటులో ఉన్న గుర్తులన్నీ వెనకే ఉండిపోయాయి. కారణం అదొక్కటే అనను, యుద్ధం ముగిసింది, ఇల్లూ వాకిలీ దొరికాయి. కానీ గుర్తులు పోవడం అందులో పెద్ద భాగం.

గల్ఫ్ పోతే ఈతచెట్లు వెనక ఉండిపోతాయి. ఫోన్‌కు గల్ఫ్ లేదు. గుర్తు జేబులోనే ఉంటుంది. కరీంనగర్ బస్టాండ్‌లో బస్సు కోసం నిలబడటం ఒక గుర్తు, అన్నం వడ్డించేలోపు రెండు నిమిషాలు ఒక గుర్తు, పక్కవాడు ఫోన్ తీయడం ఇంకో గుర్తు. ఆదిలాబాద్ బస్సులో నిర్మల్ దాటి అడవిలోకి ఎక్కాక సిగ్నల్ పడిపోతుంది. అప్పుడు చుట్టూ చూడండి. నెట్ లేదని తెలిసినా సగం బస్సు స్క్రీన్ కిందికి లాగి వదులుతూ ఉంటుంది. జ్యూస్ రాదు. లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. టిక్‌టాక్ పోయినా వేలు ఆగకపోవడానికి కారణం కూడా ఇదే: బ్యాన్ అయింది యాప్, గుర్తులు కాదు.

ఇప్పుడు రివ్యూల సంగతి

ఫోన్ రివ్యూలో మనం చూసేవి: డిస్‌ప్లే, కెమెరా, బ్యాటరీ, గేమింగ్‌లో ఎఫ్‌పీఎస్, చార్జింగ్‌కు ఎన్ని నిమిషాలు. డిస్‌ప్లే 120 హెర్ట్జ్ అయితే "స్క్రోలింగ్ వెన్నలా ఉంది" అని రాస్తాం. హాప్టిక్స్ బాగుంటే మార్కులు. ఇవన్నీ 'బాగుండటం' వైపు కొలతలు, అవి ఉండాల్సిందే. 'కావాలనిపించడం' వైపు ఒక్క కొలత కూడా లేదు. నా అభిప్రాయంలో ప్రతి రివ్యూలో అది ఉండాలి, ముఖ్యంగా 15 వేల లోపు ఫోన్‌లకు.

15 వేల లోపే ఎందుకంటే, గుర్తులు ఎక్కువగా నింపేది వాటిలోనే. లక్ష రూపాయల ఫోన్ కొన్నవాడికి లాక్‌స్క్రీన్ ఖాళీగా ఉంటుంది. బడ్జెట్ ఫోన్ కొన్నవాడికి పవర్ బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త ఫొటో, దానికింద "ఈ హీరోయిన్ చేసిన పని చూస్తే..." అనే హెడ్‌లైన్. అతను చూడాలనుకున్నది టైమ్. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక షాపులో తమ్ముడికి ఫోన్ కొంటున్నప్పుడు సేల్స్ కుర్రాడు దాన్ని కూడా ఫీచర్‌గానే చెప్పాడు: "లాక్ తీయకముందే వార్తలొస్తయన్నా, ఫ్రీ." డిగ్రీ ఫస్టియర్ కుర్రాడికి, వాళ్ల నాన్న వడ్లు అమ్మిన డబ్బుతో కొన్న ఫోన్‌లో, రోజుకు ఎన్నిసార్లు టైమ్ చూస్తే అన్నిసార్లు లైటు. తక్కువ ధరలో మిగిలిన బాకీని ఆ కుర్రాడు ఇలా తీరుస్తున్నాడు. నాకు కోపం తెప్పించేది ఈ లెక్కే.

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునే యాప్ నోటిఫికేషన్ పంపాలంటే మన అనుమతి అడగాలి. మంచి మార్పు. కానీ నా చేతికి వచ్చిన చాలా బడ్జెట్ ఫోన్‌లలో బాక్స్‌తోపాటే వచ్చిన యాప్ స్టోర్, బ్రౌజర్, థీమ్స్ లాంటివి మొదటి రోజే అడక్కుండా పలకరించడం మొదలుపెట్టాయి. సెటప్ చేసేటప్పుడు వచ్చే పెద్ద నీలం 'అంగీకరిస్తున్నా' బటన్ కింద ఇదంతా ఉంటుంది. పక్కన బూడిద రంగులో 'ఇప్పుడు వద్దు' ఉంటుంది, చీమంత.

మరి డిజిటల్ వెల్‌బీయింగ్, స్క్రీన్ టైమ్ ఉన్నాయి కదా అంటారు. 2018 నుంచీ ఉన్నాయి. వాటి ఇబ్బంది ఏంటంటే అవి తప్పు సమయానికి వస్తాయి. గంట లిమిట్ పెట్టుకున్నారు. గంట అయ్యాక, అంటే కావాలనిపించడం మంచి వేడిమీద ఉన్నప్పుడు, లిమిట్ అయిపోయిందని స్క్రీన్ వస్తుంది. ఐఫోన్‌లో అయితే సొంతంగా పెట్టుకున్న లిమిట్ పక్కనే ఇంకో పదిహేను నిమిషాలు, లేదా ఈరోజుకు వదిలేయ్ అనే దారి కూడా ఇస్తుంది. కల్లు దుకాణంలో మూడో సీసా తర్వాత "ఇంకొకటి తేనా, వద్దా" అని అడిగినట్టు.

పని చేసేది ముందు వచ్చే అడ్డం. వన్ సెక్ అనే యాప్ ఉంది, మీరు ఇన్‌స్టా తెరవబోతే కొన్ని సెకన్లు ఊపిరి తీసుకోమని ఆపి, నిజంగా తెరవాలా అని అడుగుతుంది. 2023లో పీఎన్‌ఏఎస్‌లో వచ్చిన ఒక పరిశోధనలో అలా ఆపినప్పుడు మూడో వంతుకు పైగా సార్లు జనం వెనక్కి వెళ్లిపోయారు. ఆరు వారాలు గడిచేసరికి అసలు తెరవబోవడమే తగ్గింది. కొన్ని సెకన్లు మాత్రమే, ఏ డిటాక్సూ లేదు. లైటుకూ జ్యూస్‌కూ మధ్య దారి కాస్త పొడవైతే లైటు బలం తగ్గుతుంది. ఐఫోన్‌లో షెడ్యూల్డ్ సమ్మరీ 2021 నుంచి ఉంది, నోటిఫికేషన్‌లన్నీ మీరు చెప్పిన టైమ్‌కు ఒకేసారి వస్తాయి. 'ఏమో' పోయి 'సాయంత్రం ఆరింటికి' అవుతుంది. దీన్ని మించిన ఫీచర్ ఈ విషయంలో నేను చూడలేదు, దీని గురించి కీనోట్లలో చప్పట్లు కూడా వినలేదు. రాత్రిపూట స్క్రీన్‌ను బ్లాక్ అండ్ వైట్ చేసే బెడ్‌టైమ్ మోడ్ కూడా మంచిదే, కాకపోతే ఫొటోలు తీసేవాళ్లు రెండు రోజుల్లో ఆపేస్తారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంటుందని తెలుసు. పెద్దవాళ్లం, మా ఫోన్ మా ఇష్టం, రివ్యూలో నీతిబోధ ఎందుకని. నేను రీల్స్ చూడొద్దని చెప్పడం లేదు. రీల్స్, షార్ట్స్ వల్లే మన పల్లెల్లో పాటలు పాడేవాళ్లకు, షార్ట్ ఫిల్మ్‌లు తీసేవాళ్లకు అన్నం దొరుకుతోంది. ఇంకోటి, సోషల్ మీడియా వ్యసనం అనేది ఇంకా అధికారిక జబ్బుల జాబితాలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో జూదాన్ని, గేమింగ్‌ను మాత్రం చేర్చింది. అక్కడ కూడా ఎన్ని గంటలు ఆడారన్నది ముఖ్యం కాదు. అదుపు తప్పిందా, మిగతా పనులన్నీ వెనక్కి పోయాయా, నష్టం జరుగుతున్నా ఆపలేకపోతున్నారా అని చూస్తారు. ఆ మూడూ మీకో మీ రూమ్‌మేట్‌కో ఉన్నాయనిపిస్తే అది యాప్ టైమర్‌తో పోయేది కాదు. టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వాడకం కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది.

మిగతా మనందరికీ కావాల్సింది జబ్బు పేరు కాదు, కొనేముందు ఒక అంకె. mAh చూసి కొనేవాడు ఇది కూడా చూసి కొనొచ్చు. నేను అనుకుంటున్న పద్ధతి ఇది. ఫోన్ బాక్స్‌లోంచి తీసి, సెటప్‌లో ఏది ముందే టిక్ పెట్టి ఉంటే అలాగే వదిలేసి, ఒక్క యాప్ కూడా వేయకుండా 24 గంటలు పక్కన పెట్టాలి. ఎవరూ పిలవకుండా ఎన్నిసార్లు వెలిగింది? ఎన్నిసార్లు మోగింది? లాక్‌స్క్రీన్ మీద టైమ్, బ్యాటరీ కాకుండా ఇంకేం ఉంది? తర్వాత స్టాప్‌వాచ్ పెట్టుకుని అవన్నీ ఆపాలి. ఎన్ని నొక్కులు పట్టాయి, ఏవి ఆగలేదు, అప్‌డేట్ వచ్చాక ఏవి మళ్లీ లేచాయి. చివరిది ముఖ్యం, చాలామంది అక్కడే ఓడిపోతారు.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక పెన్ను, ఒక కాగితం చాలు. వచ్చే వారం నా దగ్గరికి 12 వేల రేంజ్‌లో రెండు ఫోన్‌లు వస్తున్నాయి. బెంచ్‌మార్క్‌ల కంటే ముందు ఈ 24 గంటల పట్టిక వేస్తా, కెమెరా శాంపిల్స్ పైనే పెడతా.